సీసా మీద పికాసో

ఫ్రెంచి భాషలో మూతోన్ అంటే గొర్రె. బోర్డో ప్రాంతంలోని పోయాక్‌లో ఆ పేరుతో ఓ ద్రాక్షతోట ఉంది. పూర్తి పేరు షాటో మూతోన్ రోత్‌షిల్డ్. ఇక్కడి ఎర్ర వైన్‌ది 118 ఏళ్ల పంతం కథ!

1853లో నథానియేల్ డి రోత్‌షిల్డ్ ఈ తోటను వేలంలో కొన్నాడు. 1855లో పారిస్ ప్రదర్శన కోసం, చక్రవర్తి మూడో నెపోలియన్ కోరిక మీద బోర్డో వైన్లకు ర్యాంకులిచ్చారు. ఎర్ర వైన్లలో నాలుగింటికే మొదటి శ్రేణి. మూతోన్‌కి దక్కింది రెండోది. ఆ నాలుగింట్లో ఒకటి పొరుగునే ఉన్న లఫీత్. పోనీలే అనుకుంటే, 1868లో దాన్ని కొన్నది సాక్షాత్తూ దాయాదులే!

1922లో ఇరవై ఏళ్ల కుర్రాడు ఫిలిప్ తోట బాధ్యత తీసుకున్నాడు. అప్పటిదాకా వైన్‌ను పీపాల్లోనే వ్యాపారులకు అమ్మేసేవారు. సీసాల్లోకి ఎక్కించేది వాళ్లే. అందులో ఇంకేం కలిపేవారో ఎవరికెరుక? 1924 నుంచి పంట మొత్తాన్నీ తోటలోనే సీసాల్లో నింపాలని ఫిలిప్ పట్టుబట్టాడు. అంటే సరుకంతా సొంత గోదాముల్లోనే దాచాలి. అందుకోసం 1926లో వంద మీటర్ల పొడవున పీపాల శాల కట్టించాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. రోత్‌షిల్డ్‌లు యూదులు. తోటను ప్రభుత్వం లాగేసుకుంది. ఫిలిప్ తప్పించుకుని డిగోల్ సేనల్లో చేరాడు. ఆయన భార్య ఎలిజబెత్ మాత్రం నాజీలకు చిక్కి, 1945లో రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో కన్నుమూసింది. ఆ ఏడాది పంటకు లేబుల్ మీద విజయానికి గుర్తుగా 'వి' అక్షరం వేయించాడు ఫిలిప్. ఆ సీసా వెనక ఎంత దుఃఖముందో!

అప్పట్నుంచి ఏటా ఓ చిత్రకారుడి బొమ్మతో లేబుల్ వేయడం ఆనవాయితీ అయింది. డాలీ, మీరో, షగాల్, వార్హోల్... ప్రతిఫలం డబ్బు కాదు, వైన్ పెట్టెలే. 2009 పంటకు లేబుల్ రూపొందించింది ముంబైలో పుట్టిన శిల్పి అనీశ్ కపూర్.

ర్యాంకు కోసం ఫిలిప్ దశాబ్దాలపాటు తిరగని ఆఫీసు లేదు. చివరికి 1973లో మొదటి శ్రేణి ఇస్తూ ఉత్తర్వు వెలువడింది. సంతకం చేసిన వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్... తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాదే పికాసో మరణించాడు. నివాళిగా ఆయన పాత చిత్రాన్నే 1973 లేబుల్ మీద ముద్రించారు. నిజానికి ఆ ఏడు పంట అంత గొప్పదేం కాదు. అయినా సేకరించేవాళ్లు మాత్రం వదల్లేదు!

తమాషా ఏంటంటే, 1976లో పారిస్‌లో లేబుళ్లు కనపడకుండా పోటీ పెడితే కాలిఫోర్నియా వైన్ మొదట నిలిచింది. మూతోన్‌కి మళ్లీ రెండో స్థానమే! మూడేళ్లు తిరిగేసరికి ఫిలిప్ అదే కాలిఫోర్నియాలో రాబర్ట్ మొండావితో కలిసి 'ఓపస్ వన్' తొలి పంట తీశాడు.

1988లో ఫిలిప్, 2014లో ఆయన కూతురు ఫిలిపీన్ మరణించారు. ఇప్పుడు తోటను చూసుకుంటున్నది ఆమె ముగ్గురు పిల్లలు.