నల్లపిల్లి ఎదురొచ్చే ఇల్లు

బండి స్టార్ట్ చేసి గేటు దాటబోతుంటే నల్లపిల్లి ఎదురొస్తుంది. ఇంకేముంది... బండి ఆపి, లోపలికెళ్లి కాసిని మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరేవాళ్లు బెజవాడలో ఇప్పటికీ ఉన్నారు. మరి ఆ నల్లపిల్లి ఇంట్లోనే ఉంటే? పాలప్యాకెట్ కోసం తలుపు తీసేటప్పుడొకసారి, పిల్లలు స్కూలు బ్యాగులు తగిలించుకునేటప్పుడొకసారి, నాన్నగారు ఆఫీసుకు బయల్దేరేటప్పుడొకసారి... రోజుకు పాతికసార్లు ఎదురొస్తుంది. అన్నిసార్లు ఆగి నీళ్లు తాగడం ఎవరివల్లవుతుంది? కొన్నాళ్లకు శకునం సంగతే ఇంటిల్లిపాదీ మర్చిపోతారు. నల్లపిల్లిని పెంచుకోవడంలో మొదటి లాభం అదే!

చివరికి మిగిలేది

అపార్ట్‌మెంట్ మెట్ల కిందో, వాటర్ ట్యాంకు పక్కనో వీధిపిల్లి ఈనితే తెల్లవాటిని, చారలవాటిని ఎవరో ఒకరు ముచ్చటపడి తీసుకెళ్తారు. నల్లది మాత్రం మిగిలిపోతుంది. సంచిలో వేసి ఏ కాలువగట్టునో వదిలేసి రమ్మనేవాళ్లూ ఉంటారు. పాలు మరవని కూనకు అది చావుతో సమానం. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం తెలివితక్కువతనమని సామెత చెబుతుంది. అలాంటి కూనను చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం పుణ్యమే.

అసలు రంగులో ఏముంది? ఒక జన్యువులో చిన్న మార్పు వల్లే పిల్లులు నల్లగా పుడతాయని 2003లో శాస్త్రవేత్తలు తేల్చారు. మన జుట్టును నల్లగా ఉంచే మెలనినే దాని బొచ్చులోనూ ఉంటుంది. బ్రిటన్‌లో చాలాచోట్ల నల్లపిల్లి ఎదురైతే అదృష్టమంటారు. జపాన్ దుకాణాల్లో చెయ్యెత్తి పిలిచే పిల్లిబొమ్మల్లో నల్లది చెడును తరుముతుందని నమ్మకం. బెంగాల్‌లో పసిపిల్లల్ని కాచే షష్ఠీదేవికి వాహనం పిల్లే. అంతెందుకు... మన పాపాయికి దిష్టి తగలకుండా బుగ్గన పెట్టేది నల్లచుక్కే కదా!

చీకట్లో రెండు దీపాలు

కరెంటు పోతే గదిలో పిల్లి ఉన్నట్టే తెలీదు. టార్చి వేయగానే మూలన రెండు దీపాలు వెలుగుతాయి. ఇస్త్రీ చేసిన తెల్ల పంచెమీద నల్ల వెంట్రుకలు, చదవబోయే పేపరు మీద నల్ల గుండ్రం... ఇవన్నీ దాని సంతకాలే. బెజవాడ ఎండలో రోజూ పిట్టగోడమీద పడుకుంటే ఆ నలుపు కాస్తా గోధుమరంగుకు తిరుగుతుంది. ధాన్యం బస్తాలుండే పల్లెటూరి ఇంట్లో అయితే ఎలుకల పని అదే చూసుకుంటుంది. మొదటిరోజు ముఖం తిప్పుకున్న మామ్మగారే నెల తిరక్కుండా 'దానికి అన్నం పెట్టారా?' అని అడగడం... ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద వింత.

తెచ్చుకుంటే...

* పిల్లికి పాలే ఆహారమనుకోవద్దు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పెరుగన్నం ఒక్కటే పెట్టినా ప్రమాదమే. మాంసం, చేపల్లో దొరికే టారిన్ అందకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. ఇంట్లో నీచు వండనివాళ్లు పిల్లుల కోసం తయారుచేసిన ఆహారం కొనాలి.

* మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. నట్టల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ సంగతి డాక్టరును అడగాలి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉండనే ఉంది.

* జ్వరమొచ్చిందని పారాసెటమాల్ వేయొద్దు. అది పిల్లికి విషం. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరేదాకా అటు రానివ్వొద్దు.

* రాత్రిళ్లు రోడ్డుమీద నల్లపిల్లి బండ్లవాళ్ల కంటపడదు. చీకటిపడేలోపు లోపలికి పిలవండి. పేరు పెట్టి పిలవడం అలవాటు చేస్తే అదే పరుగెత్తుకొస్తుంది. కాటుక, నేరేడు, కర్రోడు... నలుపుకు మన భాషలో ముద్దుపేర్లకేం కొదవ!