అందరి పేర్లూ అందరికీ ఎందుకు?

స్టేషన్ ఘన్‌పూర్: ఒక సంఘంలో అప్పు బాకీ పడిన వారికి నోటీసు పంపవలసి వచ్చిందనుకుందాం. వెనుకటి రోజుల్లో గుమాస్తా ఒక్కొక్కరి పేర ఒక్కొక్క కవరు రాసి, అంటించి, డబ్బాలో వేసేవాడు. ఎవరి కవరు వారికే. కార్డు రాస్తే నలుగురూ చదువుతారని కవరు కొన్నవారు పల్లెల్లో ఎందరో. ఇప్పుడు అదే నోటీసు ఈ-మెయిల్‌లో ఒక్క నొక్కుతో వంద మందికి వెళ్తుంది. అయితే చిరునామాలన్నీ ఒకే వరుసలో పెడితే వంద మంది పేర్లూ వంద మందీ చూస్తారు. బాకీదారుల జాబితా చావడి గోడకు అంటించినట్లే.

పంపేవారికి దుర్బుద్ధి ఉండదు. ఏ గడిలో ఏమి రాయాలో తెలియదు, అంతే. మెయిల్‌లో గడులు మూడు. 'టు' అన్నది ఎవరికి రాస్తున్నామో వారిది. 'సీసీ' అంటే కార్బన్ కాపీ. టైపు నేర్చినవారికి ఇది పాత చుట్టమే. కాగితాల నడుమ నల్ల కార్బను పెట్టి కొడితే రెండో ప్రతి వచ్చేది, అది ఎవరికి వెళ్లిందో ఉత్తరం అడుగున రాసేవారు. మూడోది 'బీసీసీ'. కుల ధ్రువపత్రంతో దీనికి సంబంధం లేదు! ఇది గుప్త ప్రతి. ఈ గడిలో వేసినవారికి ఉత్తరం అందుతుంది గాని వారి చిరునామా మిగతావారికి కనబడదు. ఫోనులో 'టు' పక్కనున్న బాణం గుర్తు నొక్కితేగాని ఈ గడి పైకి రాదు. అందుకే అదొకటి ఉన్నదన్న సంగతే చాలామందికి తెలియదు.

పెద్ద దేశాలకూ ఈ పొరపాటు తప్పలేదు. 2015 సెప్టెంబరులో లండన్‌లోని ఒక హెచ్‌ఐవి వైద్యశాల 781 మందికి పంపిన మెయిల్‌లో అందరి చిరునామాలూ అందరికీ కనబడ్డాయి. మరుసటి ఏడు ఆస్పత్రి ట్రస్టు 1,80,000 పౌండ్ల జరిమానా కట్టవలసి వచ్చింది. 2021 సెప్టెంబరులో జరిగింది ఇంకా ఘోరం. కాబూల్ తాలిబాన్ల వశమై నెల దాటిందో లేదో, దేశం విడిచి రావలసిన 245 మంది ఆఫ్ఘన్ల చిరునామాలను బ్రిటన్ రక్షణ శాఖ 'టు' గడిలో పెట్టి పంపింది. 55 మంది ఫోటోలు కూడా కనబడ్డాయి. ఒకరైతే అందరికీ కలిపి జవాబిస్తూ తానున్న చోటు చెప్పేశారు. జాబితా శత్రువుకు చిక్కితే ప్రాణాలే పోయేవి. 2023 డిసెంబరులో ఆ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా పడింది.

మన పల్లెల్లో ప్రాణం మీదికి రాకపోవచ్చు గాని పరువు మీదికి వస్తుంది. ఫీజు కట్టలేని తండ్రి పేరు తోటి తండ్రులందరికీ ఎందుకు తెలియాలి? గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం సరే, కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడికి ఆ గడి చూపించేవారెవరు?

గుప్త ప్రతికి చెడు వాడకమూ ఉన్నది. తోటి ఉద్యోగికి రాస్తూ పై అధికారికి చాటుగా ప్రతి పంపడం చాడీ చెప్పడమే. ఆ అధికారి ఏమరుపాటున 'రిప్లై ఆల్' నొక్కితే గుట్టు రట్టవుతుంది కూడా.

కార్యాలయాలు, బడులు, సంఘాలవారు తమ ఆపరేటర్లకు దీనిపై ఒక పావుగంట శిక్షణ ఇవ్వాలి. 'టు' గడిలో పంపేవారి సొంత చిరునామా వేసి, తక్కిన అందరినీ బీసీసీలో పెడితే చాలు. రోగుల జాబితా వంటివైతే అదీ చాలదు. వెనుకటి గుమాస్తాలాగా ఒక్కొక్కరికి విడిగా పంపవలసిందే.