శవం లేవకముందే తీర్పు

2023 ఆగస్టు రెండో వారం. క్లచ్ వైరు మార్పించుకుందామని కాశీబుగ్గలో ఓ మెకానిక్ షెడ్డుకి వెళ్లాను. స్పానరు తిప్పుతున్న కుర్రాడికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చెయ్యి పని మీద ఉంది గానీ మనిషి అక్కడ లేడు. ఏమైందని అడిగితే మాట్లాడకుండా ఫోను నా ముందు పెట్టాడు. రేసు సూటులో ఓ పిల్లాడి ఫొటో. బెంగళూరు కుర్రాడు శ్రేయస్ హరీష్. ఆగస్టు 5న చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద జాతీయ మోటార్‌సైకిల్ రేసులో పడి చనిపోయాడు. పదమూడేళ్లు నిండి పక్షం కూడా కాలేదు.

పక్క బెంచీ మీద టీ తాగుతున్న పెద్దాయన కూడా ఆ ఫోనులోకి తొంగి చూశాడు. "ఎవుడో బెంగుళూరు గుంటడు. వేగం పిచ్చి వాడ్ని మింగీసింది. నడిపినోడు పోనాడు, కొనిచ్చినోడు ఏడుస్తాడు. మధ్యన నువ్వెవుడివిరా నానా?" అన్నాడు. షెడ్డులో ఉన్న నలుగురూ తలూపారు. కుర్రాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

పెద్దాయన మంచివాడే. ఆ మాట ఆయన ఒక్కడిదీ కాదు. పలాస నుంచి టెక్కలి దాకా, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా వినపడేదే. రేసరు చావు చేతులారా తెచ్చుకున్న చావు, దానికి ఏడవడం వేగానికి హారతి పట్టడం, ఈ ఏడుపు చూసే మన కుర్రాళ్లు హైవే మీద బళ్లు ఎగరేస్తున్నారు: ఇదీ వాదం. వినడానికి బాధ్యతగా ఉంటుంది. కొడుకు పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడే తల్లి ఈ మాట అంటే నేను ఎదురు చెప్పను. కానీ ఊరంతా కలిసి ఇదే తీర్పు ఇస్తే మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే ఇది బాధ్యతలా కనిపించే బద్ధకం. 'వేగం' అని ఒక్క మాట అనేస్తే ఇక ఏమీ అడగక్కర్లేదు. శవం లేవకముందే కేసు మూసేయవచ్చు.

మనం పిచ్చివాళ్లంటున్న ఆ రేసు లోకం ఏం చేస్తుందో చూడండి. 2003 ఏప్రిల్‌లో జపాన్ సుజుకా ట్రాకు మీద దైజిరో కాటో గోడకి కొట్టుకున్నాడు. రెండు వారాలు స్పృహ లేకుండా ఉండి చనిపోయాడు. కాటో వాళ్ల దేశపు ముద్దుబిడ్డ. ట్రాకు హోండా వారిది, అతను నడిపిందీ హోండానే. అయినా గోడ అంత దగ్గరగా ఎందుకుందన్న ప్రశ్న ముందు అవేవీ నిలవలేదు. ప్రపంచ స్థాయి బైకు రేసుల పోటీ మోటోజీపీ మళ్లీ సుజుకా గడప తొక్కలేదు. 2016 జూన్ 3న బార్సిలోనాలో లూయిస్ సలోమ్ పన్నెండో మలుపు దగ్గర పడి చనిపోయాడు. ఆ మలుపు రూపం మార్చడాన్ని తర్వాతి సంవత్సరానికో, కమిటీ నివేదిక వచ్చేదాకానో వాయిదా వేయలేదు. ఆ వారాంతపు రేసుకే దారి మార్చేశారు. 2018 నుంచి సూటు లోపల గాలి సంచీ లేనిదే గ్రాండ్‌ప్రి ట్రాకు మీదికి రానివ్వడం లేదు. 2021లో ఒక్క ఏడాదిలోనే ముగ్గురు పిల్లలు, పంతొమ్మిదేళ్ల జేసన్ దుపాస్కియే, పద్నాలుగేళ్ల హ్యూగో మియాన్, పదిహేనేళ్ల డీన్ బెర్తా విన్యాలెస్, వేర్వేరు ట్రాకుల మీద పోయారు. ఆ ఏడాది ముగియకముందే గ్రాండ్‌ప్రి తరగతులకు కనీస వయసును 2023 నుంచి 18కి పెంచుతున్నట్టు ప్రకటించారు.

అలాగని రేసు లోకం పుణ్యక్షేత్రమేమీ కాదు. 2010 సెప్టెంబరులో ఇటలీలోని మిసానోలో పంతొమ్మిదేళ్ల షోయా తొమిజావా పడ్డప్పుడు రేసు ఆపలేదు. ఎర్రజెండా ఊపలేదు. స్ట్రెచర్ మోసేవాళ్లు దారిలో తడబడ్డారు. అభిమానులు దాన్ని కప్పిపుచ్చలేదు. జెండా ఎందుకు ఊపలేదని నిలదీసిన గొంతుల్లో వాళ్లవే ముందున్నాయి. నాకు కావలసింది ఆ నిలదీత. ఆ పిల్లాడి మీద ప్రేమ లేనివాడికి ఆ స్ట్రెచర్ కనిపించేది కాదు.

ఇప్పుడు మన రోడ్డు సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీదివాళ్లే. అదే లెక్కల్లో నూటికి 71 మరణాలకు ఎదురుగా 'అతివేగం' అని ఉంది. చూశారా, ప్రభుత్వమే చెప్పింది కదా అంటారు పెద్దాయన లాంటివాళ్లు. ఆ గడి ఎవరు నింపుతారో, ఎప్పుడు నింపుతారో కూడా చూడాలి కదా. నడిపినవాడు పోయాడు, కాదనేవాడు లేడు. రోడ్డు తప్పు రాస్తే ఓ శాఖ వాళ్లతో పేచీ, లారీ తప్పు రాస్తే ఓ యజమానితో పేచీ. చచ్చిపోయినవాడి తప్పు రాస్తే ఎవరితోనూ పేచీ లేదు.

వేగం ప్రమాదం కాదని నేననడం లేదు. వేగం ఒక్కటే కారణమైతే ఇటలీలోని ముజెల్లో ట్రాకు మీద రోజుకో శవం లేవాలి. 2023లో బ్రాడ్ బైండర్ అక్కడ గంటకు 366 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు, బండి దిగి ఇంటికెళ్లాడు. మన దగ్గర రాత్రి ఏడింటికి పాత స్ప్లెండర్ మీద నలభైలో వస్తున్న మనిషి, వెనక దీపం లేని ట్రాక్టరు తొట్టెకి గుద్దుకుని పోతాడు. ముజెల్లోలో పడ్డవాడికి గోడ అందేలోపు కంకర పరిచిన ఖాళీ నేల ఉంటుంది, ప్రతి మలుపులో జెండా పట్టుకున్న మనిషి ఉంటాడు, మొదటి చుట్టులో గుంపు వెనకాలే డాక్టరు కారు వస్తుంది. పదహారో నంబరు హైవే మీద ఏముంటాయి? టెక్కలి గ్రానైటు రాళ్లు ఎత్తుకుని రోడ్డు పక్కనే చీకట్లో ఆగిన లారీ. ఊరికి అడ్డదారి కోసం డివైడరు తెంపుకున్న సందు. ఎదురు దిశలో వచ్చే ఆటో. లోపలి రోడ్లకెళితే పంట కాలంలో రోడ్డే కల్లం. చోడి కంకులో ఉలవ మొక్కలో తారు మీద పరిచి, వచ్చేపోయే బళ్ల చక్రాలతో నూర్పించేస్తాం. చక్రం జారి ఎవరైనా పడితే 'గుంటడికి ఒళ్లు తెలీదు' అంటాం. ఆ చెత్త పరిచింది మనమే కదా!

2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో నటుడు సాయి ధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బైకు జారి పడ్డాడు. హెల్మెట్ ఉంది కాబట్టి ప్రాణం దక్కింది. ఆయన మీద కేసు పెట్టారు, బండి ఎన్ని లక్షలో, ఎంత వేగంలో ఉందో వారమంతా లెక్కలు కట్టారు. ఆ రోడ్డు మీద ఇసుక ఎందుకుందని ఒకరిద్దరు అడిగితే వింతగా చూశారు. నిజానికి ఆ ప్రశ్నకి చట్టంలోనే చోటుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఏ సెక్షను చేర్చారు. రోడ్డు నమూనా, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం పాలైనా కాంట్రాక్టరు మీద, సంబంధిత అధికారుల మీద లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మీ ఊరి కూడలిలో ఈ సెక్షను పేరు ఎత్తినవాణ్ణి ఎప్పుడైనా చూశారా? హెల్మెట్ జరిమానా ఎంతో మాత్రం చిన్నపిల్లాడూ చెబుతాడు.

ఒకే మాటతో కేసు మూసేస్తే ఏమవుతుందో మా ఉద్దానం ప్రాంతానికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీలు పాడై మనుషులు వరసగా పోతున్నప్పుడు ఎన్నాళ్లు 'తలరాత' అనుకున్నాం? కొందరు వైద్యులు, కొందరు విలేకరులు, కొందరు ఊరివాళ్లు తలరాత మాట పక్కన పెట్టి నీళ్లలో ఏముంది, నేలలో ఏముంది, ఎండలో పనిచేసే ఒంట్లో ఏం జరుగుతోంది అని అడగడం మొదలుపెట్టారు. ఇదీ కారణమని ఒక్కదాన్ని వేలెత్తి చూపే రోజు ఇంకా రాలేదు. అయినా ఆ అడగడం వల్లే డయాలసిస్ దగ్గరికొచ్చింది. హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్ల పథకం వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి. తలరాతతో సరిపెట్టుకుని ఉంటే వీటిలో ఒక్కటీ వచ్చేది కాదు. కిడ్నీ జబ్బు దగ్గర నేర్చుకున్న పాఠం రోడ్డు చావు దగ్గరికొచ్చేసరికి ఎలా మరిచిపోతున్నాం? 'వేగం' అన్నది కొత్త తలరాత, అంతే.

ఇంతవరకూ చదివి అభిమానులు సంబరపడనక్కర్లేదు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 'ఇష్టమైన పని చేస్తూ పోయాడు, అదృష్టవంతుడు', 'వీరుడి చావు': ఈ రెండు మాటలూ పెద్దాయన మాటకి కవల పిల్లలు. ఆయన తిట్టి మూసేస్తే వీళ్లు పొగిడి మూసేస్తారు. బారువ తీరం నుంచి వేటకెళ్లి తిరిగిరాని మనిషి గురించి, 'సముద్రమంటే ఇష్టం, సముద్రంలోనే పోయాడు, అదృష్టవంతుడు' అని ఎవరైనా అంటారా? అంటే వాళ్లావిడ ఊరుకుంటుందా? హెచ్చరిక అందిందా, వైర్‌లెస్ పనిచేసిందా, ఇంజను ఎందుకు ఆగిందని ఒడ్డున నిలబడి అడుగుతాం. 2018లో తిత్లీ తుపాను మా కొబ్బరిచెట్లనీ జీడిచెట్లనీ పీకేసి వెళ్లాక కూడా అడిగాం. పదమూడేళ్ల పిల్లాడి దగ్గర ఆ ప్రశ్నలు ఎందుకు ఆగిపోవాలి? ఆ వయసుకి ఆ బండి తగునా, వెనక వస్తున్నవాళ్లకి తప్పుకునే వ్యవధి ఉందా, పిల్లల తలకి సరిపోయే హెల్మెట్లు ఈ దేశంలో ఎన్ని దొరుకుతున్నాయి? శ్రేయస్ పోయిన రోజున ఆ వారాంతం మిగిలిన రేసులన్నీ రద్దు చేశారు. అది కనీస మర్యాద. తర్వాతి ప్రశ్నలు అడగాల్సింది అతన్ని ప్రేమించినవాళ్లే. నల్ల రిబ్బను స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో దానంతటదే చెరిగిపోతుంది.

మన ఊళ్లలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చూస్తుంటాను. పోయిన కుర్రాడు కళ్లద్దాలతో, జీవితంలో ఎన్నడూ కొనలేని బండి మీద కూర్చుని ఉంటాడు. కింద వరసగా మిత్రుల ఫొటోలు. ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో ఒక్క ముక్క ఉండదు. పదకొండో రోజు దాటాక ఆ ఫ్లెక్సీ ఏ పశువుల శాలకో వాన మరుగవుతుంది. ఫలానా చోట డివైడరు సందు ఉంది, అక్కడే పోయాడు, దాన్ని పూడ్చండి అని ఆ ఫ్లెక్సీ మీద ఒక్క వాక్యం వేయిస్తే ఎంత ఖర్చవుతుంది? అదే ఫ్లెక్సీ, అదే డబ్బు.

ఇష్టపడినవాళ్లు ఎలా ఏడవాలో చూడాలంటే ఇటలీలో కొరియానో అనే చిన్న ఊరికి వెళ్లాలి. అక్కడి మార్కో సిమోంచెల్లి, గుబురు జుట్టు, 58 నంబరు బండి. 2011 అక్టోబరు 23న మలేసియాలోని సెపాంగ్‌లో రెండో చుట్టులో పడ్డాడు. వెనక వస్తున్న రెండు బళ్లు తగిలాయి, తల మీది హెల్మెట్ ఊడి దొర్లిపోయింది. ఇరవై నాలుగేళ్లు. రెండు వారాల తర్వాత వాలెన్సియా రేసులో అతని కోసం నిమిషం మౌనం పాటించలేదు. ఇంజన్లు రయ్యిమనిపించి, టపాసులు కాల్చి నిమిషం పాటు మోత మోగించారు. ఇంటివాళ్లు కోరిందే అది. ఇక్కడిదాకా అయితే మన ఫ్లెక్సీ లాంటిదే. కానీ తండ్రి పావొలో అక్కడితో ఆగలేదు. కొడుకు నంబరు పేరుతోనే జట్టు పెట్టి, కుర్ర రేసర్లను దగ్గరుండి తయారు చేస్తున్నాడు. కొడుకుని మింగిన ఆటలోనే మళ్లీ పిల్లలని దించుతాడా, పిచ్చివాడు అనేవాళ్లు అక్కడా ఉండే ఉంటారు. నాకైతే పిట్ గోడ దగ్గర నిలబడి ప్రతి చుట్టూ లెక్కపెట్టే ఆ ముసలాయన కంటే జాగ్రత్తగా ఆ పిల్లలని చూసేవాడు ఇంకొకడుంటాడని అనిపించదు.

మళ్లీ షెడ్డుకి వస్తాను. పెద్దాయన వెళ్లిపోయాక కుర్రాడు నా బండికి వైరు బిగించి, వాషరు కోసం గోడవార ఉన్న హెల్మెట్‌లో చెయ్యి పెట్టాడు. వెల్లకిలా పెట్టిన నల్ల హెల్మెట్, నిండా నట్లూ బోల్టులూ. ఎవరిదని అడిగాను. హైవే మీద దెబ్బతిన్న బండితో వచ్చిందట. ఇంటివాళ్లు బండి తీసుకెళ్లి దీన్ని వదిలేశారట.

"మరి హెల్మెట్ ఉండీ?" అన్నాను.

కుర్రాడు పట్టీ పైకి తీసి చూపించాడు. పెంకు మీద గీతలున్నాయి గానీ పట్టీ కొత్తదానిలా నిగనిగలాడుతోంది. మడత లేదు, చెమట మరక లేదు. "ఒక్కసారీ బిగించలేదు మాస్టారూ. తల మీద ఊరికే పెట్టుకున్నాడు. సిమోంచెల్లి వీడియోలో హెల్మెట్ దొర్లిపోవడం చూసిన కాడ్నుంచి ముందు పట్టీయే చూస్తాను" అన్నాడు.

ఆ బండిని ఊరంతా చూసింది. 'వేగం' అని తలూపి వెళ్లిపోయింది. పట్టీ చూసింది మాత్రం ఎవుడో పరాయి రేసరు కోసం ఏడ్చినవాడే.