నేటి శుల్కము

విజయనగరమున 1892లో 'కన్యాశుల్కము' తొలిసారి ప్రదర్శింపబడిన సంగతి మన పాఠకు లెరిగినదే. ఆ నాటకమునకు వెనుక ఒక జాబితా ఉన్నదని కొందరే యెరుగుదురు. ఆనందగజపతి మహారాజులవారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల లెక్క తీయింపగా 1,034 తేలినవి. అందు 99 మంది బాలికలకు ఐదేండ్లకే, ముగ్గురికి ఏడాది వయస్సుననే పెండ్లి జరిగినది. గురజాడ అప్పారావుగారు 1897 నాటి పీఠికలో ఈ లెక్కను ప్రకటించిరి. అందు అంకెలే గాని ఆ బిడ్డల పేర్లు లేవు. సిగ్గుపడవలసినది దురాచారము గాని ఆ పసికందులు కారు గదా!

నేడు లెక్కలు తీయువారికి ఆ వివేక మేది? 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులమతములు ఎల్లరకును కనబడునట్లు పడియుండినవి. ఇల్లు కోరినవాని యింటి గుట్టు వీధిలో పడినది!

నాడు కన్యకు వెల కట్టిరి. నేడు మన నడవడికి వెల కట్టుచున్నారు. మన మెక్కడికి పోతిమో, ఏమి కొంటిమో చేతిలోని ఫోను గుర్తించి వర్తకుల కందించుచున్నది. సమ్మతి తెలుపు మీట నొక్కితిరి గదా యందురు. శుల్కము పుచ్చుకొన్న తండ్రియు సమ్మతించినవాడే. అమ్ముడుపోయిన బిడ్డ నెవ రడిగిరి?

"దాచదగినది లేనివారికి భయమేల?" అని కొందరు పెద్దలు ప్రశ్నించుచున్నారు. గడియ పెట్టుకొని స్నానమాడు ఇల్లాలు ఏ నేరమును దాచుచున్నది? నటుడు ప్రేక్షకుల నెరిగియే రంగమెక్కును. తెర పడగానే రంగు కడుగుకొని ఇంటికి పోవును. మనకో, తెర యెప్పుడు లేచినదో తెలియదు, చూచువా రెవరో తెలియదు, తెర పడుటయే లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమును వచ్చినది. కాని తన సంస్థలను ఆ చట్టమునుండి తప్పించు అధికారమును ప్రభుత్వము అందే నిలుపుకొన్నది.

కావున ఈ పనికి శ్రీకాకుళ, విజయనగర మండలముల నాటక సమాజములు పూనుకొనవలెనని మా మనవి. నేడు ఎల్‌ఇడి తెరలును, రంగురంగుల దీపములును, ధ్వనియంత్రములును అందుబాటులో నున్నవి. ఇంద్రసభ వెలుగులకే అవి వినియోగపడనేల? వ్రేలిముద్ర పడక రేషను డిపోనుండి వట్టి సంచితో మరలిన ముసలమ్మను రంగముపై నిలుపుడు. ఆమె ఇచ్చిన వివరము లెన్ని చేతులు మారగలవో వెనుక తెరపై చూపుడు. మా వ్యాసములకు కదలని సభ అప్పుడు కదలును.

ఒక్క హెచ్చరిక. ఇట్టి నాటకము చూడవచ్చినవారిని వాకిట నిలిపి ఫోను నంబరు వ్రాయించుకొను సమాజము, శుల్కము మూటగట్టుకొని శుల్కఖండనోపన్యాసము చేయు పెద్దమనిషికి తోబుట్టువు. ముందు ఆ పుస్తకము చింపి, పిదప తెర యెత్తుడు.