వ్రాతప్రతులు – మన బాధ్యత

బేగంపేటకు పొరుగుననే, పంజగుట్టలో ‘ఐవానె ఉర్దూ’ భవనమున్నది. నిత్యమూ ఆ దారిన పోయే మన విద్యార్థులలో లోపలికి అడుగుపెట్టినవారెందరు?

ఆ సంస్థకు ప్రాణం పోసినవారు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్. లండనులో పరిశోధన ముగించి, 1930లో హిందుస్తానీ ధ్వనులపై గ్రంథం ప్రకటించిన భాషావేత్త. నగరానికి తిరిగివచ్చి అధ్యాపకులై, 1931లో మిత్రులతో కలసి ‘ఇదారె అదబియాతె ఉర్దూ’ స్థాపించారు. చెదలపాలు కానున్న వ్రాతప్రతులను సేకరించి, వాటికి వివరమైన పట్టికలు కూర్చారు. 1940లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవితలను పరిష్కరించి ప్రకటించారు. దక్కనీలో తెలుగు మాటలు ఎంత చనువుగా కలసిపోయినవో ఆ కవితలే సాక్ష్యం. తెలుగు తాళపత్రాలకు ఇట్టి సేవనే మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో వేటూరి ప్రభాకరశాస్త్రి చేశారు.

భాషాభిమానాన్ని వేదికలపై చాటుట సులభం. జీర్ణించిన ఒక ప్రతిని చదివి, కర్తనూ కాలాన్నీ నిర్ణయించుట కష్టం. ఆ కష్టమే భాషను నిలుపుతుంది. కాని తాతలనాటి వ్రాతపుస్తకాలను చిత్తుకాగితాలతోపాటు తూకానికి అమ్మివేసే ఇండ్లు నేడు మన మధ్యనే ఉన్నవి.

పాలకవర్గమునకు మా మనవి ఒక్కటే: గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక నమోదు పుస్తకం కేటాయించండి. ఇంటనున్న పాత ప్రతులను విద్యార్థులు తెచ్చి చూపితే, ఉర్దూ, తెలుగు శాఖలు కలసి చదివి వివరాలు వ్రాసిపెట్టగలవు. ఇందుకు పెద్ద ధనం అక్కరలేదు, ఓపిక కావాలి. అది జోర్‌గారు మనకు విడిచిపోయిన ఆస్తి.