సందేశానికి ఇరవై మార్కులు

మొన్న సాయంత్రం కుక్కరు రెండో కూత పెట్టేవేళకి ఎదురింటావిడ వచ్చింది, చేతిలో ఫోనుతో. "ఉగాది కథల పోటీ అటండీ. నేనూ ఓ కథ రాశాను. నవ్వకూడదు మరి" అంది.

నేనెందుకు నవ్వుతాను? పోటీకి కథ పంపి, పోస్టుమాను సైకిలు బెల్లు వినపడితే చాలు గుమ్మంలోకి పరిగెత్తిన రోజులు నాకూ ఉన్నాయి. ఫోను తీసుకుని నిబంధనలు చదివాను. కథ సొంతమై ఉండాలి. అనువాదం, అనుకరణ కాకూడదు. మరో పత్రిక పరిశీలనలో ఉండకూడదు. ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే. వెనకటికి అరఠావు కాగితాల మీద ఒకవైపే రాయమనేవారు. ఇప్పుడు యూనికోడ్‌లో టైపుచేసి మెయిలు చెయ్యమంటున్నారు. అంతే తేడా.

అయిదో నిబంధన దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. 'కథ కుటుంబ విలువలను ప్రతిబింబిస్తూ సందేశాత్మకంగా ఉండాలి' అని. ఏడోది ఇంకా బాగుంది. 'అవసరమైన మార్పులు చేసే హక్కు మాకున్నది' అని.

కుక్కరు మూడో కూత పెట్టింది. ఆ కూత నేనే పెట్టానేమో అనిపించింది!

ఈ రెండు నిబంధనలమీద నాకింత కోపం ఎందుకో చెప్పాలంటే మా పిన్ని సంగతి చెప్పాలి.

2001లో నేను బెజవాడలో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మ ఆఖరి చెల్లెల్ని అవనిగడ్డ దగ్గర పల్లెలో ఇచ్చారు. పన్నెండేళ్లు కాపురం చేసింది. ఏం జరిగిందో ఇక్కడ రాయను గాని, ఒకరోజు ఒక ట్రంకుపెట్టెతో బస్సెక్కి బెజవాడ వచ్చేసింది. సత్యనారాయణపురంలో ఒక గది అద్దెకి తీసుకుని జాకెట్లు కుట్టడం, చీరలకి ఫాల్సు వెయ్యడం మొదలుపెట్టింది. పెద్దవాళ్లొచ్చారు, బతిమాలారు, తిట్టారు. ఆవిడ మిషను తొక్కుతూనే "నేను రాను" అంది. అంతే. ఇంకోమాట లేదు.

ఆ మాట నాకు కథ అయింది. పోటీకి పంపాను. బహుమతి రాలేదు గాని సాధారణ ప్రచురణకి తీసుకున్నారు. కాలేజీ నుంచి వస్తూ దారిలో పత్రిక కొని, దుకాణం ముందే నిలబడి చదువుకున్నాను. ఆఖరి పేజీకి వచ్చేసరికి నా కాళ్లకింద నేల కదిలింది. నా కథలో మిషను చప్పుడుతో ముగిసిన చోట, అచ్చులో ఆవిడ కళ్లు తుడుచుకుని, పెట్టె సర్దుకుని, అత్తగారి కాళ్లమీద పడి క్షమించమని వేడుకుంటోంది! కింద నా పేరు, పక్కన నా ఫొటో.

పిన్ని కూడా చదివింది. చదవకుండా ఎలా ఉంటుంది? అమ్మే సంబరపడి తీసుకెళ్లి ఇచ్చింది. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి పత్రిక మడిచి మిషను మీద పెట్టి ఉంది.

"ఏమే, నువ్వు కూడా నాచేత క్షమాపణ చెప్పించావా?" అంది.

నేను రాయలేదు పిన్నీ అని ఏడ్చాను. నమ్మింది. నమ్మినా, ఆ మాట మాత్రం ఇరవై ఏళ్లు దాటినా నా చెవుల్లోంచి పోలేదు. ఆ పత్రికకి ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. 'ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు' అని ముందే చెప్పారుగా మరి!

ఇప్పుడు చెప్పండి. పోటీ కథకి సందేశం ఉండాలన్న రూలు ఎవరు పెట్టారు?

తెలుగు కథ పేరు ప్రపంచానికి తెలిసిందే ఒక పోటీవల్ల. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కి రెండో బహుమతి వచ్చింది. అందులో ఏముంది? సూత్రాల ప్రకారం జీవితాన్ని గిరిగీసుకున్న ఒక పెద్దమనిషి. రైల్లో అడుక్కునే ఒక మనిషి. ఇద్దరికీ మధ్య ఒక తుఫాను రాత్రి. పొద్దున్న ఆయన పర్సు ఆవిడ దగ్గర ఉంటుంది! అయిదో నిబంధన తీసుకొచ్చి ఈ కథ మీద పెట్టండి. మొదటి వడపోతలోనే పోతుంది. 'బిచ్చగత్తె చేత దొంగతనం చేయించారు, కుటుంబ విలువలు లేవు' అని తిరిగొస్తుంది.

న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం అంటారు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ పెడితే విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు'కి, అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'కి బహుమతి పంచి ఇచ్చారు. ఒకటి ఇటు చూసే నవల, ఒకటి అటు చూసే నవల. రెండింటినీ ఒక్క మూసలో పొయ్యమని ఎవరూ అడగలేదు. తేల్చుకోవడం పాఠకులకి వదిలేశారు. ఆ పాఠకులు రెండింటినీ ఈనాటికీ చదువుతున్నారు.

"కుటుంబ పత్రిక కదండీ, పిల్లలు కూడా చదువుతారు, మంచి చెప్పొద్దా?" అని మీరడగొచ్చు. సబబైన ప్రశ్నే. దానికి నేను మన జిల్లా ఆడపడుచునే సాక్షిగా పిలుస్తాను. నందిగామ దగ్గరి పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబ గారు 1902లో 'ధనత్రయోదశి' రాశారు. తొలి తెలుగు కథ అదేనని చాలామంది అంటారు. గురజాడవారి 'దిద్దుబాటు' వచ్చింది 1910లో. ఆ కథలో పేదింటి ఇల్లాలు తప్పుదారి పట్టబోయిన మొగుణ్ణి నిలబెడుతుంది. సందేశం ఉందా అంటే ఉంది, బ్రహ్మాండంగా ఉంది. కాని అది అచ్చమాంబ గారి మాట. ఆవిడ నోట్లో ఇంకొకరు పెట్టిన మాట కాదు. చెప్పాలనిపించి మంచి చెప్పడం వేరు, చెప్తేనే అచ్చేస్తామంటే చెప్పడం వేరు. మొదటిది రచన. రెండోది అప్పగింత.

"పాఠకులకి అదే కావాలండీ" అనేది ఇంకో వాదన. మన కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' తరవాత, ఆడవాళ్ల సీరియళ్ల కోసం ఇల్లిల్లూ ఎదురుచూసిన రోజుల్లో, కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. పాఠకులకి ఏం కావాలో అప్పుడే తెలిసింది కదా. మరి ఆడపేరు కావాలి, ఆడదాని మాట మాత్రం అక్కర్లేదా?

వ్యాసరచన పోటీల సంగతి సరేసరి. 'ఆధునిక స్త్రీ - బాధ్యతలు', 'ఉమ్మడి కుటుంబంలో కోడలి పాత్ర'. ప్రశ్నలోనే జవాబు కూర్చుని ఉంటుంది. మనం దానికి పౌడరు రాసి బొట్టుపెట్టి పంపాలి. 'ఆధునిక పురుషుడు - అంట్లగిన్నెలు' అన్న విషయం మీద ఒక్క పోటీ పెట్టమనండి, నేను ఎంట్రీ ఫీజు కట్టయినా రాస్తాను.

తప్పంతా వాళ్లదేనా అంటే కాదు. నాదీ ఉంది. నాలుగేళ్ల కిందట ఒక పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. మార్కుల పట్టిక ఇచ్చారు. ఇతివృత్తానికి ముప్ఫై, శైలికి ముప్ఫై, ముగింపుకి ఇరవై, సందేశానికి ఇరవై. రచయితల పేర్లుండవు, అంకెలే. నలభై ఏడో నంబరు కథ నాకింకా గుర్తే. ఊడ్పుల కూలికి వెళ్లే ఒక అమ్మాయి, మడిలో వంగి నాట్లు వేస్తూ పక్కమనిషితో చెప్పుకునే మాటలు. మొదలూ లేదు, ఆఖరూ లేదు. బురద వాసన మాత్రం కాగితంలోంచి వచ్చింది. సందేశం గడిలో ఏం వెయ్యాలో తెలియక ఆగాను. పక్కన కూర్చున్న మాస్టారు "ఇందులో చెప్పిందేముందమ్మా?" అన్నారు. నేను నోరు మూసుకుని నాలుగు వేశాను. ఆ కథ రాలిపోయింది. రాసినావిడ ఎవరో నాకు తెలియదు. మళ్లీ రాసిందో లేదో తెలియదు. అత్తగారి కాళ్లమీద పిన్నిని పడేసిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు గాని, ఆ నాలుగు మార్కులు వేసిన చెయ్యి మాత్రం నాదే.

అందుకే అడుగుతున్నాను. పోటీలు పెట్టేవాళ్లకి దణ్ణం పెట్టి మూడే మూడు కోరికలు. సందేశం గడి కొట్టెయ్యండి. కథలో ఒక్క వాక్యం మార్చాలన్నా రచయిత్రికి ఒక ఫోను చెయ్యండి. ఒప్పుకోకపోతే కథ తిరిగిచ్చెయ్యండి, మాకేం చిన్నతనం లేదు. తిరిగొచ్చిన కథకి ఎందుకు తిరిగొచ్చిందో ఒక్క ముక్క రాయండి.

ఇక అక్కచెల్లెళ్లకి ఒక్కటే మాట. పంపండి. తప్పకుండా పంపండి. బహుమతి డబ్బుతో చీర కొనుక్కోండి, లేదా మొగుడికే చొక్కా కొనిపెట్టండి, మీ ఇష్టం. కాని ముగింపు మాత్రం బహుమతికి అమ్మకండి. చీర రెండేళ్లలో వెలిసిపోతుంది. అచ్చయిన మాట వెలవదు.

ఎదురింటావిడ కథ చదివాను. బాగుంది. ఆఖర్న కోడలు మారిపోయి అందరికీ కాఫీలు ఇస్తుంది. "ఇలాగే జరిగిందా?" అని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "జరగలేదండీ. అయిదో నిబంధన చూసి మార్చాను" అంది.

"ముందు రాసింది ఉందా?"

"ఉంది."

"అదే పంపండి."

పిన్నికి ఈ సంగతంతా ఫోనులో చెప్పాను. ఆవిడకి డెబ్భై దగ్గర పడుతున్నా ఇంకా మిషను తొక్కుతూనే ఉంది. "మరి నువ్వేం పంపుతున్నావే?" అంది.

అచ్చయిన కథ పోటీకి పంపకూడదని హామీపత్రంలో రాసివ్వాలి. కాని పిన్నీ, నేను రాసిన ముగింపు ఇంతవరకూ ఎక్కడా అచ్చు కాలేదుగా!