భుజానికి కుదిరే తుపాకీ

ఏటా అక్టోబరు మూడో శనివారం అమెరికాలోని దక్షిణ డకోటాలో ఫెజెంట్ అనే పిట్టల వేట మొదలవుతుంది. ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్లు కొందరు ఆఫీసు మిత్రుల వెంట మొక్కజొన్న చేలల్లోకి వెళ్తున్నారు. భారతదేశంలో వేట నిషిద్ధం కనుక, తుపాకీ ఎలా ఎంచుకోవాలో చెప్పే పెద్దలు మనలో చాలామంది ఇళ్లలో లేరు. అందుకే కొట్లో పెద్దది చూసి 12 గేజు కొనేస్తున్నారు.

కొత్తవారికి నేను చెప్పేది అంతకన్నా సన్నని, తేలికైన 20 గేజు, రెండు గొట్టాల తుపాకీ. 7 పౌన్లు దాటిన తుపాకీ కొట్లో బరువనిపించదు. మోకాలెత్తు గడ్డిలో మైళ్లు నడిచాక చేతులు పీకుతాయి. సరిగ్గా అప్పుడే కాళ్ల దగ్గర నుంచి పిట్ట అరుస్తూ లేస్తుంది. అది పుంజో పెట్టో పోల్చుకోవాలి, ఎందుకంటే అక్కడ పుంజులనే కొట్టాలి, అదీ మనిషికి రోజుకు 3. 30 గజాల లోపు లేచిన పిట్టకు 20 గేజు తూటాలోని ఔన్సు గుళ్లు చాలు. పైగా కంచె దాటేటప్పుడు ఈ తుపాకీని మధ్యకు మడిస్తే, గొట్టాలు ఖాళీ అని పక్కవారికీ కనిపిస్తుంది. నా దృష్టిలో ఇదొక్కటే చాలు, దీన్ని ఎంచుకోవడానికి.

గేజు కన్నా ముఖ్యం తుపాకీ ఒంటికి కుదరడం. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, కొట్టువాడి అనుమతితో తుపాకీని గోడవైపు ఎత్తండి. కళ్లు మూసుకుని భుజానికి ఆనించి, చెంప తుపాకీ వెనకనున్న చెక్కకు తాకాక కళ్లు తెరవండి. చూపు గొట్టం మీదుగా నేరుగా కొసనున్న పూసకు పోతే అది మీ తుపాకీ. మెడ వంచాల్సి వస్తే, ఎంత చవకైనా వదిలేయండి. పొట్టివారికి, ఆడవాళ్లకు చెక్క పొడవు తరచు ఎక్కువవుతుంది. దాన్ని కోయించి తగ్గించుకోవచ్చు.

హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం వారికి ఫెడరల్ చట్టరీత్యా నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి స్నేహితుడి తుపాకీ పట్టుకునే ముందే లైసెన్సు తీసుకోండి, గడువు తీరకుండా చూసుకోండి.

20 గేజు తూటాలను పసుపు రంగులో చేయడానికి కారణముంది. ఆ తూటా పొరపాటున 12 గేజు తుపాకీలో పడితే గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది. వెనక ఇంకో తూటా వేసి పేలిస్తే గొట్టం బద్దలవుతుంది. ఇంట్లో రెండు రకాలూ ఉంటే, బయల్దేరే ముందు కోటు జేబులన్నీ ఖాళీ చేసి, ఆ రోజు తుపాకీకి పనికొచ్చే తూటాలే వేసుకోండి.